పాత చట్టం జోలికి పోకుండా: 1995 మాక్స్ చట్టం, ఒక కేస్ స్టడీ

"రిజిస్ట్రారు గారి ముందస్తు అనుమతితో" అనే ముక్కతో మొదలుపెడతాను. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నడిచే ఏ సంఘం బైలా, అంటే నియమావళి, తెరిచినా ఈ ముక్క ఎక్కడో ఒకచోట తగులుతుంది. గోదాము కట్టాలన్నా, గుమాస్తాను పెట్టుకోవాలన్నా, మిగిలిన నాలుగు రూపాయలు ఎక్కడైనా దాచుకోవాలన్నా అదే ముక్క.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, వరంగల్ వైపు ఒక ఊళ్లో మహిళా పొదుపు సంఘానికి 1995లో వచ్చిన కొత్త చట్టం, అంటే మాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద బైలా రాసి, రిజిస్ట్రేషన్‌కి పట్టుకెళ్లాను. అక్కడి సీనియర్ ఇన్‌స్పెక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేసి, "ఏమయ్యా, ఇందులో ఆ ముక్క ఎక్కడా లేదే?" అన్నాడు. కొత్త చట్టంలో దాని అవసరం లేదండీ అన్నాను. "అవసరం లేకపోతే లేకపోయె, రాస్తే నష్టమేముంది?" అని ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో రాసి, కాగితాలు వెనక్కి తోశాడు. మంచివాడే. చాయ్ కూడా తెప్పించాడు.

రాస్తే నష్టమేమిటో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను చట్టం రాసినవాణ్ణి కాదు, రాయించినవాణ్ణీ కాదు. ఆ చట్టం కింద బైలాలు రాస్తూ, లెక్కలు చూస్తూ, మినిట్స్ పుస్తకాలు ఎలా రాయాలో నేర్పుతూ బతికినవాణ్ణి. ఒక రాష్ట్రంలో ఒక చిన్న సంస్థ పట్టుబట్టి ప్రభుత్వ పెత్తనాన్ని తగ్గించే చట్టం తేగలదా, తెచ్చాక అది నిలుస్తుందా అని ఎవరైనా అడిగితే నాకు దగ్గరగా తెలిసిన కేసు ఇదొక్కటే.

అసలు జబ్బు

మన దేశంలో సహకార చట్టం 1904లో తెల్లదొరలు తెచ్చింది. సంఘాలను నమోదు చేసి, వాటి మీద అజమాయిషీ చేసే రిజిస్ట్రారు అనే పదవి అప్పుడే పుట్టింది. స్వాతంత్య్రం వచ్చాక ఆ పదవి బలహీనపడాల్సింది పోయి ఇంకా బలిసింది. 1954లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే కమిటీ, సహకారం విఫలమైంది కానీ సఫలం కావాలి అని తేల్చింది. అందుకు మందుగా, సంఘాల్లో ప్రభుత్వమే వాటాధనం పెట్టాలంది. డబ్బు పెట్టినవాడు ఊరుకుంటాడా? పెత్తనం అడిగాడు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాత చట్టాలను కలిపి 1964లో తెచ్చిన చట్టంలో ఆ పెత్తనమంతా సెక్షన్ల వారీగా కూర్చుంది. 34 కింద పాలకవర్గాన్ని రద్దు చేయొచ్చు. 51 కింద విచారణ వేయొచ్చు. 60 కింద సంఘానికి జరిగిన నష్టాన్ని బాధ్యుల దగ్గర్నుంచి సర్‌చార్జిగా వసూలు చేయొచ్చు. ఎన్నికలు వాయిదా వేసి, పాలకవర్గం స్థానంలో పైనుంచి నియమించిన పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు. సభ్యుల్ని అడక్కుండానే రెండు సంఘాల్ని కలిపేయొచ్చు, ఒకదాన్ని విడగొట్టొచ్చు.

ఊళ్లో దీని ఫలితం ఎలా ఉండేదంటే, "సొసైటీ" అనే మాటకి అర్థం ఎరువులు వచ్చే గవర్నమెంటు ఆఫీసు అయిపోయింది. సభ్యుణ్ణి నీ వాటా ఎంత అని అడిగితే తెలియదు. అప్పు ఎంతో తెలుసు, అది ఎప్పుడు మాఫీ అవుతుందో అని ఎదురుచూపు. ఇప్పటికీ ఆ సంగతి పెద్దగా మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు తీరాక ఏళ్ల తరబడి త్రిసభ్య కమిటీలతోనే బండి నడిపించారు. ఆ కమిటీల్లో ఎవరుండాలో పైనుంచే వస్తుంది.

సీడీఎఫ్ ఏం చేసింది

హైదరాబాద్‌లో కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ అనే సంస్థ ఉండేది. అందరూ సీడీఎఫ్ అనేవాళ్లు. మొదట్లో దాని పేరు సమాఖ్య, ఇప్పుడు సహవికాస. రామారెడ్డి గారు, శశి రాజగోపాలన్ గారు దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యులు. వాళ్లు తమను "ఫ్రీ మార్కెట్" మనుషులమని ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే సహకార రంగంలో సగం మంది వాళ్ల గడప తొక్కేవాళ్లు కాదు. వాళ్ల మాట వేరేగా ఉండేది: సహకార సంఘం ప్రభుత్వ శాఖ కాదు, సభ్యుల సొంత వ్యాపారం, దాని లాభనష్టాలు వాళ్లవి, దాని తప్పొప్పులు వాళ్లవి. ఆర్థిక స్వేచ్ఛ గురించి మాట్లాడే మేధావులు చెప్పేదీ దాదాపు ఇదే. కాకపోతే వీళ్లు దాన్ని పాల కేంద్రం దగ్గరా, పొదుపు సంఘం దగ్గరా నిలబడి చెప్పారు.

ఇక్కడ ముల్కనూరు ప్రస్తావన తేకుండా ముందుకు పోలేం. భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊళ్లో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు పాత చట్టం కింద కూడా బాగా నడిచిన అరుదైన సంఘం. అప్పు ఇవ్వడం, పంట కొనడం, విత్తనం, ఎరువు, అన్నీ ఒకే గొడుగు కింద. హైదరాబాద్ నుంచి ఎవరైనా పెద్దమనిషి వచ్చి, పల్లెటూరివాళ్లకి ఇదంతా ఎక్కడ చేతనవుతుందండీ అంటే, సీడీఎఫ్ వాళ్లు వాదన పెట్టుకునేవాళ్లు కాదు, ముల్కనూరుకి కారు ఎక్కించేవాళ్లు. 1990ల మొదట్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే మహిళల పొదుపు సంఘాలు పెట్టించారు. రిజిస్ట్రేషన్ లేదు, ప్రభుత్వ వాటాధనం లేదు, సబ్సిడీ లేదు. నెలనెలా పొదుపు, ఆ పొదుపులోంచే అప్పు. చట్టం ఇంకా రాకముందే, చట్టం వస్తే ఎలా ఉంటుందో చూపించే సంఘాలు ఊళ్లలో తిరుగుతున్నాయన్నమాట.

కాగితం మీది పని కూడా పక్కన జరుగుతూనే ఉంది. ప్రణాళికా సంఘం వేసిన చౌధురీ బ్రహ్మ్ ప్రకాశ్ కమిటీ 1991లో ఒక నమూనా చట్టం ఇచ్చింది. రాష్ట్రాలు దాన్ని బీరువాలో పెట్టాయి. సహకారం రాష్ట్రాల జాబితాలో ఉంది కాబట్టి ఢిల్లీ చేయగలిగింది అంతకంటే పెద్దగా లేదు. ఆ నమూనాని బీరువాలోంచి తీయించిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1995 నాటి 30వ చట్టం, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ఆఫీసుల్లో, ఊళ్లలో అందరూ మాక్స్ అనే అంటారు.

అందులో ఏముందో కన్నా ఏం లేదో చెప్తే త్వరగా అర్థమవుతుంది. ప్రభుత్వ వాటాధనం లేదు. పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి లేదు. పర్సన్ ఇన్‌చార్జి లేడు. ఆడిటర్ని జనరల్ బాడీయే పెట్టుకోవాలి, ఎన్నికలు సకాలంలో పెట్టే బాధ్యత ఉన్న పాలకవర్గానిదే, బైలా మార్చుకునేది సభ్యులే. రిజిస్ట్రారు పని ప్రధానంగా రిజిస్టరు చేయడం. ఆయన పదవి పేరుకి అసలు అర్థం అదే కదా.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి

కొత్త చట్టం పాత చట్టాన్ని రద్దు చేయలేదు. ఒక్క సెక్షన్ కూడా తీసేయలేదు. పక్కన ఇంకో దారి వేసింది, అంతే. ఇష్టమున్నవాళ్లు ఇటు రండి, ప్రభుత్వ వాటాధనం ఉంటే తిరిగి కట్టేసి రండి, లేనివాళ్లు అక్కడే ఉండండి అంది.

దీన్ని చాలామంది రాజీ అనుకున్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఏళ్లు గడిచాక దాని తెలివి తెలిసింది. పాత చట్టాన్ని సవరించబోయి ఉంటే ప్రతి సెక్షన్ వెనకా ఒక మనిషి లేచి నిలబడేవాడు. 51 పోతే విచారణాధికారికి పనేది? ఎన్నికలు సంఘం చేతికిస్తే ఎమ్మెల్యే గారి చేతిలో ఉన్న సంఘాల మాటేమిటి? ఎవరి కుర్చీ కదిలినా బిల్లు కదలదు. పక్కదారి వేసినప్పుడు ఎవరి కుర్చీ కదల్లేదు. శాఖ సంఘాలు శాఖకే ఉన్నాయి, ఉద్యోగాలు అలాగే ఉన్నాయి. సభలో దీన్ని అడ్డుకోవడానికి గట్టి కారణం ఎవరికీ దొరకలేదు. ఈ దారిలో ఎంత బండి తిరుగుతుందో అప్పటికి ఎవరూ ఊహించలేదు కూడా.

దీన్నే చూసి బిహార్ 1996లో, కర్ణాటక 1997లో సౌహార్ద పేరుతో, మధ్యప్రదేశ్, జమ్మూ కశ్మీర్ 1999లో, ఒడిశా 2001లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి.

పాత చట్టాన్నే మార్చబోతే ఏమవుతుందో అమెరికాలో చూడొచ్చు. అక్కడ దాదాపు ప్రతి రాష్ట్రానికీ మార్కెట్ సంస్కరణల కోసం పనిచేసే ఒక మేధో సంస్థ ఉంటుంది. మిషిగన్‌లో 1987లో మొదలైన మెకినా సెంటర్ వాటిలో పేరున్నది. ప్రజలు ఒప్పుకోగల ఆలోచనల హద్దుని కిటికీతో పోల్చిన ఓవర్టన్ అక్కడివాడే. నాయకుడు కిటికీ బయట ఉన్నదాన్ని ముట్టుకోడు, కాబట్టి మనం ముందు కిటికీని జరపాలి అన్నది ఆయన సూత్రం. ఆ సంస్థ ఏళ్ల తరబడి చెప్పిన ఒక మాట, యూనియన్‌కి చందా కట్టనన్నంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోకూడదన్నది, 2012 డిసెంబర్‌లో చట్టమైంది. సభ బయట వేలమంది నిరసన చేస్తుండగా కొద్ది రోజుల్లో బిల్లు పెట్టి, పాస్ చేసి, గవర్నర్ సంతకం కూడా పెట్టించారు. 2023లో సభలో మెజారిటీ మారింది, చట్టం రద్దయింది. ఆ చట్టం మంచిదా కాదా అనే తగువులోకి నేను పోను. పదేళ్లలో కిటికీ జరిగిందో లేదో గానీ, గోడ మాత్రం అక్కడే ఉండిపోయింది. ఓడినవాళ్లు ఆ రోజే ఎవరో తెలుసు, వాళ్లు తిరిగి వచ్చే రోజు కోసం కాచుకుని ఉన్నారు.

మాక్స్‌లో ఓడినవాడు ఎవడో పదేళ్ల దాకా తెలియలేదు. 2006లో తెలిసింది.

పాల గొడవ

ఈ చట్టంలోకి వచ్చిన పెద్ద చేపలు పాల యూనియన్లు. విశాఖ, గుంటూరు, కృష్ణా, కర్నూలు, నల్గొండ-రంగారెడ్డి లాంటి జిల్లా యూనియన్లు పాత చట్టం వదిలి మాక్స్‌లోకి మారాయి. అవి చిన్నా చితకా పొదుపు సంఘాలు కావు. రోజూ లక్షల లీటర్ల పాలు, భూములు, యంత్రాలు, ఊరూరా పాల కేంద్రాలు, వాటి వెంట ఓట్లు. రాష్ట్ర డెయిరీ ఫెడరేషన్‌కి ఇది మింగుడు పడలేదు. ఆస్తులు ప్రభుత్వానివి, అనుభవించేది వీళ్లా అన్నది వాదన. అందులో నిజం బొత్తిగా లేదని నేననను. కొన్ని ప్లాంట్ల చరిత్ర చూస్తే ప్రభుత్వ డబ్బు, యూనియన్ డబ్బు ఎక్కడ కలిశాయో విడదీయడం నిజంగానే కష్టం.

ప్రభుత్వం ఎంచుకున్న మందు మాత్రం మొరటుది. 2006 నాటి 1వ చట్టంతో, పాల సంఘాలన్నీ మొదటి నుంచీ 1964 చట్టం కిందే ఉన్నట్లు భావించాలి అంది. వెనక తేదీతో. సభ్యులు ఓటు వేసి వెళ్లిన చోటి నుంచి ఓటు లేకుండా వెనక్కి లాగడం.

ఆ వారం నాకు బాగా గుర్తు. పాలతో ఏ సంబంధమూ లేని పొదుపు సంఘాల నుంచి ఫోన్లు. ఒక ఊళ్లో మీటింగుకి పోతే, అరుగు మీద కూర్చున్న ప్రెసిడెంటమ్మ పాస్ పుస్తకాల మూట విప్పకుండానే అడిగింది.

"మన సంఘం గూడ గుంజుకుంటరా సారూ?"

"లేదక్కా, అది పాల సంఘాలకే."

"ఇయ్యాల పాలు, రేపు పైసలు. మాకు ఎర్కలేదా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ నెల ఆ సంఘంలో పద్నాలుగు మంది పొదుపు వెనక్కి తీసుకున్నారు. కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగుదాం అని వాళ్లని ఆపడం నా వల్ల కాలేదు.

హైకోర్టు 2007లో ఆ చట్టాన్ని కొట్టేసింది. ప్రభుత్వం, ఫెడరేషన్ సుప్రీంకోర్టుకు పోయాయి. 2011 సెప్టెంబరు 2న జస్టిస్ సదాశివం, జస్టిస్ చౌహాన్ ధర్మాసనం హైకోర్టు మాటే నిలబెట్టింది. తీర్పు సారం సులువైనదే: సహకారం అంటే స్వచ్ఛందం, సభ్యులు ఒక చట్టాన్ని ఎంచుకుని అందులో నమోదైతే వాళ్లని బలవంతంగా ఇంకో చట్టంలోకి తోయడం రాజ్యాంగంలో సమానత్వ హక్కునిచ్చే 14వ అధికరణానికీ, సంఘం పెట్టుకునే హక్కునిచ్చే 19(1)(సి)కీ విరుద్ధం. నా లెక్కలో మాక్స్ చట్టానికి పునాది నిజంగా పడింది 1995లో కాదు, ఆ రోజున. పక్కదారి వేసిన తెలివి కూడా అప్పుడే ఫలించింది. సభ్యులు ఇష్టపడి దారి మారారు అనే వాస్తవమే కోర్టులో వాళ్లకి ఆయుధమైంది. సవరణ ద్వారా వచ్చిన స్వేచ్ఛ అయితే, ఇచ్చిన సభే తీసుకుంది, నీదేం పోయింది అనేవాళ్లు.

తర్వాత 97వ రాజ్యాంగ సవరణ 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చి, 19(1)(సి)లో సహకార సంఘాలు అన్న మాట చేర్చింది. ఆ సవరణలో రాష్ట్రాల సంఘాలకు వర్తించే భాగాన్ని, సగం రాష్ట్రాల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో 2021లో సుప్రీంకోర్టు తీసేసింది. మా ఊరి సంఘాలకు దీనివల్ల తేడా పెద్దగా రాలేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

పాల యూనియన్లు గెలిచాయి కదా, సంతోషించాలా? పూర్తిగా సంతోషించలేకపోయాను. కేసు నడుస్తుండగానే విశాఖ యూనియన్ ఉత్పత్తిదారుల కంపెనీగా మారిపోయింది. సహకార చట్టమే వద్దు, కంపెనీల చట్టమే నయం అనుకునే దాకా తెచ్చింది ఆ 2006 ముచ్చట. ఇంకోవైపు కొన్ని యూనియన్లలో కుర్చీ ఎక్కినవాళ్లు దిగడం మర్చిపోయారు. రిజిస్ట్రారు పోయాడు గానీ సభ్యుడు రాలేదు.

నా చేతి మీదుగా జరిగిన తప్పు

ఒక పట్టణంలో కొందరు పెద్దమనుషులు పొదుపు, పరపతి సంఘం పెట్టుకుంటామని వచ్చారు. బైలా రాసిచ్చాను. పేరెందుకు, సంఘం పేరు చెప్పను. సభ్యత్వ రుసుము ఎంత పెట్టాలి అని అడిగితే, పేదవాళ్లు కూడా రావాలి కదా, పది రూపాయలు పెట్టండి అన్నాను. ఓటు హక్కు వెంటనే కాకుండా, కొంతకాలం లావాదేవీలు చేశాక ఇవ్వాలన్న నిబంధన కూడా నేనే రాశాను. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కరోజులో సంఘాన్ని ఎత్తుకుపోకుండా అది మంచి కాపలా అని నా నమ్మకం.

మూడేళ్ల తర్వాత ఆ దారిన పోతుంటే అద్దాల తలుపు, ఏసీ, టై కట్టుకున్న కుర్రాళ్లు. డిపాజిట్ మీద బ్యాంకు కన్నా మూడు శాతం ఎక్కువ వడ్డీ అని బోర్డు. ఎవరు వచ్చినా పది రూపాయలు తీసుకుని సభ్యుడని రాసుకోవడం, డిపాజిట్ కట్టించుకోవడం. చట్టం ప్రకారం సభ్యుడి దగ్గరే డిపాజిట్ తీసుకున్నారు, తప్పు పట్టలేం. ఓటు హక్కు మాత్రం మొదటి ఇరవై మందికే ఉంది, మిగతా వేలమందికి నా నిబంధన అడ్డు. జనరల్ బాడీ అంటే ఆ ఇరవై మందీ, ఆడిటర్ అంటే వాళ్లలో ఒకరి బావమరిది. ఒక దసరా సెలవుల తర్వాత తలుపు తెరుచుకోలేదు. డిపాజిటర్లు పోలీస్ స్టేషన్‌కీ, సహకార శాఖకీ తిరిగారు. శాఖవాళ్లు, మాకు అధికారం లేదు, మాక్స్ కదా అన్నారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ల మొహాల్లో కాస్త తృప్తి కూడా కనిపించింది.

ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. రిజర్వు బ్యాంకు కూడా పేరు చివర బ్యాంకు అని తగిలించుకుని డిపాజిట్లు తీసుకునే సంఘాల గురించి హెచ్చరికలు ఇస్తూనే ఉంది. ఒడిశా అయితే తన చట్టాన్ని 2013లో ఏకంగా రద్దు చేసుకుంది. కాబట్టి పక్కదారి వేస్తే చాలు, ఎప్పటికీ నిలుస్తుంది అని కూడా నేననను. స్వేచ్ఛ కోసం వాదించే సంస్థలు ఈ భాగాన్ని తమ నివేదికల్లో చివరి పేజీలో చిన్నక్షరాల్లో వేస్తాయి. నాకైతే దీంతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది.

ఇంకో వింత కూడా జరిగింది. పేదరిక నిర్మూలన పథకాల కింద మండల మహిళా సమాఖ్యల్ని ప్రభుత్వమే మాక్స్ చట్టం కింద రిజిస్టరు చేయించింది. ప్రభుత్వం నుంచి తప్పించుకోవడానికి రాసిన చట్టం ప్రభుత్వ పథకానికి పైపులైను అయింది. ఖాళీల్లో మండలం పేరు పూరిస్తే చాలు, బైలా అచ్చువేసి ఉండేది. కొన్ని సమాఖ్యలు ఆ అచ్చు బైలాని పక్కన పెట్టి తమది తాము రాసుకుని గట్టిపడ్డాయి. మిగతావి పథకం ఉన్నన్నాళ్లూ మీటింగులు పెట్టాయి.

అదే ముల్కనూరు చుట్టుపక్కల, అవే పొదుపు సంఘాల ఆడవాళ్లు 2002లో సొంతంగా మహిళా డెయిరీ పెట్టుకున్నారు. స్వకృషి ప్యాకెట్ హనుమకొండలో ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది. చట్టం అదే, సెక్షన్లు అవే, జిల్లా కూడా పెద్ద దూరమేం కాదు. అద్దాల తలుపు సంఘానికీ దీనికీ నాకు కనిపించిన తేడా ఒకటే: ఇక్కడ ఏళ్ల తరబడి నెలనెలా కూర్చుని లెక్క విన్న తర్వాత డెయిరీ పెట్టారు.

ఆ ముక్క మళ్లీ

కిందటేడు, నేను మొదట బైలా రాసిన ఆ పొదుపు సంఘం జనరల్ బాడీకి వెళ్లాను. పక్క మండలంలో ఒక సంఘం గుమాస్తా డబ్బుతో పారిపోయిన వార్త అప్పుడే వచ్చింది. అందరిలో భయం. వయసులో పెద్దామె ఒకామె లేచి, "గవర్నమెంటోళ్లు జర సూస్తే మంచిగుంటది. పెద్ద ఖర్చుకు ఆఫీసర్ సారు పర్మిషన్ గావాలె అని రాసుకుందాం" అంది. సగం మంది తల ఊపారు. పాతికేళ్ల కింద ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో పడ్డ ముక్కే ఇప్పుడు సభ్యుల నోటి నుంచి వచ్చింది.

నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. మాట్లాడాల్సిన అవసరమూ రాలేదు. వెనక వరసలోంచి ఒక కోడలు పిల్ల, డిగ్రీ చదివిందట, "ఆఫీసర్ సారు ఎప్పుడొస్తడు? మన ముంగట పుస్తకం ఉన్నది గద, మనం సూడలేమా?" అంది. గంటసేపు గొడవ. చివరికి మూడు తీర్మానాలు రాశారు. గుమాస్తా దగ్గర అయిదు వేలకు మించి రాత్రిపూట ఉండకూడదు. ప్రతి నెలా చీటీ తీసి, పాలకవర్గంలో లేని ఇద్దరు సభ్యులు ముప్పై పాస్ పుస్తకాలు లెడ్జరుతో సరిచూడాలి. ఆడిటరు మూడేళ్లకోసారి మారాలి.

పెద్దామె పర్మిషన్ తీర్మానం కూడా ఓటుకి పెట్టారు. 112 మందిలో 41 చేతులు లేచాయి. మినిట్స్ పుస్తకంలో ఆ 41 కూడా రాయమని ప్రెసిడెంటమ్మ గట్టిగా చెప్పింది. మొదటి నెల చీటీలో వచ్చిన రెండు పేర్లలో ఒకటి ఆ పెద్దామెదే. కళ్లజోడు తెచ్చుకోలేదని ఇంటికి మనవణ్ణి పరుగెత్తించింది.